ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలి?

మా ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ తాగడం అయ్యాక ఒక్క క్షణం తికమక పడతారు. గ్లాసు ఖాళీ అయింది, మాట ఇంకా మధ్యలో ఉంది. కళ్ళు ఎదుటి మనిషి మీదే ఉంటాయి గానీ చెయ్యి మాత్రం అటూ ఇటూ చోటు వెతుక్కుంటుంది. ఎదురుగా గాజుబల్ల ఉంది, కానీ దాన్ని అందుకోవాలంటే సోఫాలోంచి సగం లేవాలి. లేస్తే మాట తెగుతుంది, వెళ్ళిపోతున్నారేమో అని ఇంట్లోవాళ్ళు కూడా లేచి నిలబడతారు. సోఫా చేతి మీద పెడదామంటే అది మెత్తన, గ్లాసు ఒరుగుతుంది. కొందరు వంగి కాలి పక్కన నేల మీద పెడతారు, కాసేపటికి వాళ్ళే దాన్ని తంతారు. ఇంకొందరున్నారు, వాళ్ళని చూస్తే నాకు ప్రత్యేకంగా జాలి. వెళ్ళేదాకా ఆ ఖాళీ గ్లాసుని ప్రసాదంలా రెండు చేతుల్లో పట్టుకునే కూర్చుంటారు.

కుర్చీ పక్కన చిన్న బల్ల ఒకటి ఉంటే తీరిపోయే బాధే ఇది. కొత్తవి చూశాను. నొక్కి అతికించిన పొట్టు మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితం. తడి తగిలితే అంచులు ఉబ్బుతాయట, అమ్మేవాడే చెప్పాడు, పాపం మంచివాడు. సరే, పాతదే కొందాం అనుకున్నాను. అనుకున్నాక ఎలాంటి పాతది అన్న ప్రశ్న వచ్చింది. ఈ రోజుల్లో ఇంటి అలంకరణ ఫోటోలు చూస్తే ప్రతి కుర్చీ పక్కనా ఓ పాతకాలపు బల్ల, దాని మీద ఓ పుస్తకం, ఓ దీపం, ఎవరూ తాగని ఒక కప్పు. మా తాతగారింట్లో ఉండే బల్లలాంటిది దొరికితే బాగుణ్ణు అని పైకే అన్నాను. అన్నాక గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తుకు రాలేదు. మా తాతగారింట్లో అలాంటి బల్ల ఉండేదా?

కాకినాడకి దగ్గర్లో మండువా లోగిలి అది. అక్కడ వస్తువుల చోట్లన్నీ గోడల్లోనే ఉండేవి. కళ్ళజోడుకి ఒక గూడు, దీపానికి ఒకటి, పంచాంగానికీ నశ్యం డబ్బాకీ కలిపి ఒకటి. గోడలు ఎంత మందమో కిటికీ గట్టు అంత వెడల్పు. చదువుతున్న పేపరూ, విప్పిన వాచీ, సగం తిన్న జామకాయా దాని మీదే. రాత్రిపూట మంచం కింద మరచెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు. తాతగారి పడకకుర్చీకి చేతులు పొడుగ్గా, వెడల్పుగా ఉండేవి, కంచం పెట్టినా పట్టేటంత. అయినా ఆ చేతుల మీద కాఫీ గ్లాసు ఉండగా చూసిన జ్ఞాపకం నాకు లేదు. ఆ గ్లాసుకి ఎక్కడా దిగవలసిన అవసరమే వచ్చేది కాదు. ఆఖరి గుక్క పడే వేళకి ఒక చెయ్యి వచ్చి అందుకునేది. మా మామ్మది, లేకపోతే చిన్నత్తయ్యది, అమ్మది, ఎవరూ లేకపోతే పాలేరు కుర్రాడిది. తలుపు వారగా నిలబడి గ్లాసు వంపుని బట్టి ఇంకెంత మిగిలిందో లెక్క కట్టేవాళ్ళనుకుంటాను. తాతగారు తల తిప్పి చూసేవారు కాదు. చెయ్యి పక్కకి చాచేవారు, అంతే.

బల్ల గురించి ఆలోచిస్తూ ఇక్కడికి వచ్చాక కొంచెం తడబడ్డాను. కుర్చీ పక్క బల్లకి ఏమేం కావాలి? చేతికందేంత దగ్గర్లో ఉండాలి. ఎత్తు సరిపోవాలి. కదలకూడదు. ఇచ్చినదాన్ని పట్టుకోవాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఇవన్నీ మా ఇంట్లో ఉండేవి, చెక్కతో చేసినవి కావు, అంతే తేడా. ఇలా అనడం మరీ కటువుగా ఉందా? ఉందేమో. అందులో ఆపేక్ష లేదని నేననను. మా చిన్నత్తయ్యకి ఎనభై దాటాయి. ఫోనులో ఈ మాటే అంటే నవ్వింది. “బల్లకి పిక్కలు పీకవే అమ్మాయ్, మాకు పీకేవి” అంది. కాసేపాగి, “అయినా తలుపు వెనకాల నిలబడబట్టే ఊళ్ళో సంగతులు తెలిసేవి. గ్లాసు కోసం కాకపోతే మమ్మల్ని అక్కడ ఎవరు నిలబడనిచ్చేవాళ్ళు?” అని కూడా అంది. ఆవిడ రెండో మాట అనకపోతే నా ఆలోచన ఇంకాస్త చక్కగా ఉండేది.

నిజానికి ఆ ఇంట్లో ఒక టీపాయ్ ఉండేది. నేను మర్చిపోయింది అందుకే, అది ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. హాల్లో రేడియో కింద మూడు కాళ్ళ మీద నిలబడేది. పై పలక గుండ్రం, నడుము దగ్గర కడ్డీకి తరిణ పట్టిన వంపులు. దొరలు ఊరు వదిలి వెళ్తూ సామాను వేలం వేసినప్పుడు తాతగారి నాన్నగారు కొన్నారని ఇంట్లో చెప్పుకునేవారు. అది జిట్టేగి చెక్క, అంటే ఇప్పుడు అందరూ రోజ్‌వుడ్ అంటున్నది. పిల్లలం ముగ్గురం కలిసినా కదపలేకపోయేవాళ్ళం. దాని మీద అమ్మ అల్లిన క్రోషె గుడ్డ, గుడ్డ మీద పింగాణీ కూజా, కూజాలో ప్లాస్టిక్ పూలు. దాని మీద గ్లాసు పెట్టినవాడికి ఆ రోజు మూడిందే. ఎందుకంత భయమో ఈ మధ్యే అర్థమైంది. పాత పాలిష్ అంతా లక్క. కుసుం, మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే గూటి నుంచి తీసిన సరుకు. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దుతారు. అద్దంలా మెరుస్తుంది గానీ వేడికీ తడికీ ఆగదు. పొగలు కక్కే గ్లాసు కాసేపుంచితే తెల్లటి వలయం పడుతుంది. కాఫీ కోసం పుట్టిన బల్లని కాఫీ నుంచి కాపాడుకోవలసి వచ్చిందన్నమాట. వేడి ఓర్చుకోవడానికి అత్తయ్య చేతులుండేవి. ఆ టీపాయ్ పంపకాల్లో ఎవరి వాటాకి వెళ్ళిందో, దాని గురించి ఎవరితోనూ తగువు లేదు.

ఇప్పుడు నేనుంటున్నది విశాఖపట్నం. పాత బల్లల గురించి చదవడం మొదలుపెట్టాక మా ఊరి పేరే పదే పదే ఎదురవడం ఆశ్చర్యం. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టుకుంది. ఆ తర్వాత పద్ధెనిమిదో శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్ళు నల్లచెక్క మీదా జిట్టేగి మీదా ఏనుగు దంతం పొదిగి బల్లలు, కుర్చీలు, పెట్టెలు చేశారు. దంతం మీద సన్నటి గీతలు చెక్కి, వాటిలోకి నల్లటి లక్క దించేవారు. కలంకారీ గుడ్డల మీద పాకే తీగలే ఈ బల్లల అంచుల మీదా పాకాయి. ఈ పని చేసినవాళ్ళు కంసాలులని రాశారు. కొన్నవాళ్ళు మాత్రం కంపెనీ దొరలు. 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి, మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామాను అమ్మకంలో మా ఊరి దంతపు కుర్చీలు కొని రాణికిచ్చాడు. అవి ఇప్పటికీ అక్కడి రాచవారి సంపదలోనే ఉన్నాయి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖపట్నం పని కనిపిస్తుంది. నేను ఆ బొమ్మలు మా అమ్మాయి పంపిన కేటలాగులో చూశాను, బీచి రోడ్డుకి నాలుగు వీధుల అవతల కూర్చుని. వింత ఏమిటంటే నాకు అసూయ కలగలేదు. ఆ బల్లల పక్కన కుర్చీలో కూర్చున్నవాళ్ళలో మావాళ్ళెవరూ లేరు. ఉంటే గింటే ఆ కుర్చీ వెనకాల విసనకర్ర పట్టుకుని ఉండి ఉంటారు. డబ్బుండి కొనుక్కుందామన్నా కుదరదు లెండి. 1986లో, మళ్ళీ 1991లో చేసిన సవరణలతో మన వన్యప్రాణి చట్టం దంతం వ్యాపారాన్ని పూర్తిగా మూసేసింది. ఇంగ్లండులో కూడా 2022 జూన్ నుంచి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దంతం ఉన్న పాత సామాను అమ్మడం నిషేధం. ఆ బల్ల ఒక్కొక్కదానికీ ఏనుగులు ఎన్ని పోయాయో ఆ కేటలాగులో రాయలేదు.

దంతం సంగతి వదిలేస్తే మన కోస్తా ఇళ్ళలో గొప్పగా చెప్పుకునేది బర్మా టేకు. “బర్మా టేకండీ” అన్నాక ఎవరూ ధర గురించి మాట్లాడరు. మౌల్మేన్ నుంచీ రంగూన్ నుంచీ ఓడల్లో దిగిన కలప చెట్టినాడు మేడలకే కాదు, మన రేవుల చుట్టుపక్కల పెద్దిళ్ళ స్తంభాలకీ తలుపులకీ వెళ్ళింది. అటునుంచి కలప వస్తుంటే ఇటునుంచి మనుషులు వెళ్ళేవారు. గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి కూలికి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళు ఎంతమందంటే, కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాన్‌వాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు ఎన్నో వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, రాలేనివాళ్ళు దారిలోనే పోయారు. పాత టేకు బల్ల మీద చెయ్యి వేసి నిమిరితే తోలు వాసనలాంటిది, కాస్త నూనెగా, చేతికి అంటుతుంది. ఆ వాసనలో చరిత్ర ఉందని రాయాలని ఉబలాటంగా ఉంది గానీ ఉన్నది చెట్టు నూనె. చెద పట్టకుండా కాపాడేది ఆ నూనే. అది కూడా చేవ భాగంలోనే. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కని పురుగు ఇట్టే తినేస్తుంది, దానికి బర్మా అయినా బస్తర్ అయినా ఒకటే.

అలా బల్ల కోసం తిరగడం మొదలుపెట్టాను. హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా జుమ్మేరాత్ బజారు, చెల్లెలి వెంట వెళ్ళినప్పుడు కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి, ఇక్కడైతే పాతిళ్ళు పడగొట్టినప్పుడు తలుపులూ ద్వారబంధాలూ పోగేసే దుకాణాలు. పాత సామాను అమ్మేవాళ్ళు కథలు చెప్పడంలో మనకంటే ఘనులు. ప్రతి బల్లా ఏదో ఒక జమీందారుదే. ఇన్ని బల్లలున్నాయంటే మన జమీందార్లు కూర్చోవడం తప్ప ఇంకేం చేశారో! కథ విన్నాక బల్లని తిరగెయ్యమంటే సగంమంది మొహం మారిపోతుంది. బల్ల నిజం చెప్పేది తలకిందులుగా ఉన్నప్పుడే అని నాకు నేర్పింది మా వడ్రంగి మేస్త్రి. పైన ఎంత నునుపైనా అడుగున ఎవరూ చిత్రిక పట్టరు. ఇద్దరు మనుషులు నిలువు రంపంతో కోసిన పలక మీద గీతలు దాదాపు తిన్నగా, కానీ ఒకదానికొకటి కుదరకుండా ఉంటాయి. విల్లులా వంగిన గీతలున్నాయంటే గుండ్రటి మిషను రంపం కోసిందన్నమాట. సొరుగు ఉంటే పూర్తిగా బయటికి లాగి మూల చూడాలి. పళ్ళలా కోసి ఒకదాన్లో ఒకటి దిగేసిన అతుకు చేతిపనైతే ఏ రెండు పళ్ళూ ఒక్కలా ఉండవు. కూడిక గుర్తు తల ఉన్న మరలు 1930లకి ముందు లేవు, వందేళ్ళ నాటిదని చెప్పిన బల్లలో అవి కనిపిస్తే మరలు తర్వాత మార్చారా, బల్లే తర్వాత చేశారా అని అడగాలి. అన్నిటికంటే నాకు నచ్చింది గుండ్రటి బల్ల పరీక్ష. చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ ఈనె పొడవునా తగ్గదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. అందుకని నిజంగా పాతదైన గుండ్రటి పలకని అటొకసారి ఇటొకసారి టేపుతో కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లైనా తేడా వస్తుంది. అచ్చంగా గుండ్రంగా ఉందంటే అనుమానించాలి. ఇన్ని పరీక్షలు పెట్టి పట్టుకున్నది ఎక్కువగా ఏమిటంటే, నిన్న మొన్న చేసి, కాస్టిక్ సోడాతో కడిగి, గొలుసులతో కొట్టి, టీ డికాషన్ పట్టించినవి. పుచ్చు బెజ్జాలు కూడా మేకుతో పొడిచి పెడతారు. అవి తిన్నగా లోపలికి పోతాయి, పురుగైతే అంత క్రమశిక్షణగా తినదు. నిజం పుచ్చైతే ఇంకో సంగతుంది. కింద పేపరు పరిచి రాత్రంతా ఉంచితే పొద్దున్నే సన్నటి పిండి రాలి ఉంటే పురుగు ఇంకా లోపలుంది. అలాంటి బల్ల ఇంట్లోకి తేవడం అంటే తలుపులూ మంచాలూ కలిపి దానికి రాసిచ్చెయ్యడమే.

ఇంత వెతుకులాటలో నాకు పట్టుకున్న సందేహం వయసు గురించి. ఎంత పాతదైతే పాతది? మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన చేతిపనులు పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు. ‘వింటేజ్’ అన్నదానికి అలాంటి గీతేమీ లేదు, అమ్మేవాడి ధైర్యాన్ని బట్టి మారుతుంది. చండీగఢ్ కట్టినప్పుడు పియరీ జన్నెరె గీయించిన టేకు కుర్చీలూ బల్లలూ ఆఫీసుల్లో విరిగి మిద్దెల మీద గుట్టలు పడితే, వాటిని తుక్కు కింద కొనుక్కుపోయిన విదేశీ వ్యాపారులు పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ లక్షల్లో అమ్మారు. అప్పటికి వయసు డెబ్బై కూడా నిండలేదు వాటికి. గుమాస్తాలు కూర్చున్నంత కాలం సామాను, వాళ్ళు లేచాక కళాఖండం! సాలార్‌జంగ్ మ్యూజియంలో నేను చూసిన బల్లలూ అంతే. అద్భుతంగా ఉన్నాయి, ఒక్కదాని మీదా ఎవరూ ఏమీ పెట్టరు. మా ఇంటి రేడియో కింద టీపాయ్‌కి పెద్దక్కలు అవి. ఇంకోటి కొని గుడ్డ కప్పి, పూలకూజా పెట్టి, వచ్చినవాళ్ళ చేతుల్లో గ్లాసులు అలాగే ఉంచే ఓపిక నాకు లేదు. ఆ పొరపాటు మా ఇంట్లో ఒక తరం ఆడవాళ్ళ పిక్కలతో సర్దుకుంది. ఇప్పుడు ఈ ఇంట్లో తలుపు వారన నిలబడేవాళ్ళెవరూ లేరు, నేనూ సోఫాలోనే కూర్చుంటాను, నా గ్లాసుకీ చోటు కావాలి. బల్ల పాతదవ్వాలన్న కోరిక ఎలా ఉన్నా, అది పనిమంతురాలై ఉండాలి.

ఆ దృష్టితో చూడడం మొదలెట్టాక జమీందార్ల బల్లలన్నీ వరసగా పోయాయి. చెక్కిన టీపాయ్‌లు చాలామటుకు పొట్టివి, ఇప్పటి కుర్చీల పక్కన పెడితే గ్లాసు కోసం నూతిలోకి వంగినట్టే. బల్ల పై పలక కుర్చీ చేతికి సమానంగానో, రెండంగుళాలు తక్కువగానో ఉండాలి, అంటే ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు అంగుళాలు. మూడు కాళ్ళవి ఎగుడుదిగుడు నేల మీద కుంటవు, ఆ సుగుణం ఉంది వాటికి, కానీ అంచు మీద చెయ్యి ఆనితే తిరగబడతాయి. పక్కకి బరువు మోపి చూడకుండా ఏ గుండ్రటి బల్లనీ కొనకండి. చివరికి నా కన్ను పడ్డది ఒక దుకాణంలో మందు సీసాల పెట్టెల వెనకాల, అమ్మేవాడు సామాను పైకెక్కి అందుకోవడానికి వాడుకుంటున్న బల్ల మీద. చదరం పలక, నాలుగు తిన్నటి కాళ్ళు, కాళ్ళ మధ్య పట్టీలు, కింద ఒక అర. ఏదో హైస్కూల్లో లాబొరేటరీ సామాను వేలం వేసినప్పుడు వచ్చిందట, అరవైల నాటిది కావచ్చు. దీనికి కథ లేదు, అందుకే ధరా లేదు. టేకే, నాటు టేకు. తిరగేస్తే కుసులు బిగువుగా ఉన్నాయి, ఒక్క మేకు లేదు. పై పలక మీద ఏదో ఆసిడ్ ఒలికి నల్లబడిన మరకలు, సిరా చుక్కలు, బ్లేడుతో చెక్కిన ఓ పిల్లవాడి పేరులో మొదటి రెండక్షరాలు. బహుశా అప్పుడే మాస్టారు వచ్చి ఉంటారు.

ఇంటికి తెచ్చాక మేస్త్రిని పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి, గోటితో గీకి, పట్టీని ఊపి చూసి, “చెక్క బంగారం అమ్మా, పైన ఒక పొర చిత్రిక పట్టి మెలమైన్ కొడితే పెళ్ళికూతుర్లా చేసిస్తాను” అన్నాడు. మెలమైన్‌కి ఒప్పుకున్నాను, వేడి గ్లాసు పెట్టుకోవాలి గదా, లక్క మీద నాకు భక్తి లేదు. చిత్రిక మాత్రం వద్దన్నాను. గరుకు కాగితం వేసి పైపైన రుద్దితే చాలన్నాను. మరకలుంటాయన్నాడు. ఉండనీ అన్నాను. పేరు కూడానా అన్నాడు. అది కూడా అన్నాను. ఇంత డబ్బు పోసి ఎవడో వెధవాయి చెక్కిన గీతలు ఇంట్లో పెట్టుకోవడం ఏమిటో ఆయనకి అంతుపట్టలేదు. వచ్చినవాళ్ళు చూసి పని రానివాడు చేశాడనుకుంటారని బాధపడ్డాడు. కాగితం మడత పెట్టి చేతిలోకి తీసుకుంటూ, “మీ ఇష్టం అమ్మా. ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి” అన్నాడు.